రెండు జట్లకూ చప్పట్లు

దుప్పటి అంచు రోలర్ల మధ్యకు జారగానే ఆవిరి బుస్సుమని లేచింది. అతను ముఖం తిప్పుకోలేదు. ఆ వేడి అతని ముఖానికి ఏనాడో అలవాటైపోయింది. అందుకే అతని చెంపలు ఎప్పుడు చూసినా అప్పుడే స్నానం చేసి వచ్చినవాడి చెంపల్లా ఎర్రగా, కాస్త ఉబ్బి ఉంటాయి. దుప్పటి రెండు మూలలూ బొటనవేళ్ళతో నొక్కిపట్టి, ముడత పడకుండా లాగి, మిగతాది యంత్రానికి అందించాడు. తడిగా లోపలికి వెళ్ళినది అటువైపు కొత్త కాగితంలా ఫెళఫెళలాడుతూ బయటికి వచ్చింది. మడతలు పెట్టే ఆవిడ దాన్ని అందుకుంది.

ఆసుపత్రి లాండ్రీ నేలమాళిగలో ఉంటుంది. పైన అంతస్తుల్లో జనం పుడుతుంటారు, పోతుంటారు, కోలుకుని ఇళ్ళకు వెళ్తుంటారు. కిందివాళ్ళకు వాళ్ళెవరూ కనిపించరు, వాళ్ళ కింద పరిచిన దుప్పట్లు మాత్రమే కనిపిస్తాయి. రోగాలకు ఆదివారాలు ఉండవు కాబట్టి లాండ్రీకీ లేవు. కాకపోతే ఆదివారం ఒంటిపూట పని.

"ఇవాళ మ్యాచ్ ఎవరు గెలుస్తారు బాబాయ్?" అని మడతలావిడ అడిగింది.

"డ్రా అవుతుందిలే."

ఆమె పకపకా నవ్వింది. ఆ జవాబు వినడానికే ప్రతి ఆదివారం అడుగుతుంది. లాండ్రీలో అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. తనకంటే చిన్నవాళ్ళకు డ్రా బాబాయ్, ఈడువాళ్ళకు వట్టి డ్రా. పైఅధికారి ఒకసారి నోరుజారి హాజరు పిలిచేటప్పుడు కూడా అలాగే పిలిచాడు. ఇతను "ఉన్నానండీ" అన్నాడు.

ఫుట్‌బాల్ అంటే ఇష్టం లేక కాదు. ఆట ఉన్న ఏ ఆదివారమూ మైదానానికి వెళ్ళకుండా ఉండడు. కాకపోతే ఆటగాళ్ళ పేర్లు గుర్తుండవు. పొడుగాయన, జుట్టాయన, ఆ కుంటుతూ పరిగెత్తే ఆయన, అంటాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఎందరో ఎన్నోసార్లు విడమరిచి చెప్పారు. ప్రతిసారీ శ్రద్ధగా తల ఊపాడు. పచ్చగడ్డి మీద బంతి ఒకరి కాలి దగ్గర నుంచి ఇంకొకరి కాలి దగ్గరకు వాలుకు పారే నీళ్ళలా వెళ్తుంటే చూడటం అతనికి హాయి. మంచి పాస్ పడితే చాలు, అది ఏ జట్టువాడు వేసినా చప్పట్లు కొడతాడు.

మిగతా విషయాల్లోనూ అంతే. సినిమా ఏదైనా సరే చూస్తాడు, విశ్రాంతి తర్వాత మాత్రం నిద్రపోతాడు. తిండి ఏది పెట్టినా "బాగుంది" అంటాడు. ఒకరోజు చెల్లెలు కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. పళ్ళెం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, "బాగుంది" అన్నాడు. ఆ తర్వాత తను తినబోయిన చెల్లెలు మొదటి ముద్దకే పళ్ళెం పక్కన పెట్టి, అతని వంక చాలాసేపు చూసింది.

ఇవాళ మాత్రం అతని చేతుల్లో ఏదో తేడా వచ్చింది. ఒక దుప్పటి వంకరగా వెళ్ళి రోలర్ అంచున ముద్దగా ఇరుక్కుంది. యంత్రం ఆపి, వేడి మీదే చెయ్యి పెట్టి లాగాడు.

"ఏంటి బాబాయ్? ఎప్పుడూ లేంది!"

"ఏం లేదు."

"వేలు కాలింది చూడు."

అప్పుడు చూసుకున్నాడు. నిజమే, కాలింది.

పొద్దున చెల్లెలు అతని ముందు టీ పెట్టి కూర్చోకుండా నిలబడింది. రోజూ తన కప్పు కూడా తెచ్చుకుని ఎదురుగా కూర్చుంటుంది. అది చూడగానే అతనికి అర్థమైంది.

"సినిమా హాలాయన సాయంత్రం వ్యాన్ తీసుకుని వస్తాడు," అంది. "పెట్టె సర్దాను. మూత మాత్రం వెయ్యలేదు."

"సరే."

"సరే అంటే?"

"నీ ఇష్టం, చెల్లీ."

ఆమె ముఖం జేవురించింది. "చూడన్నయ్యా, ఆ ఒక్క మాటా అనకు. వెళ్ళమను, వెళ్తాను. వద్దను, ఆగిపోతాను, ఆయనకు నేను చెప్పుకుంటాను. నీ ఇష్టం, నీ ఇష్టం అని నన్ను గాల్లో వదిలేస్తే మాత్రం జన్మలో నీ ముఖం చూడను. సాయంత్రానికి ఏదో ఒకటి చెప్పు."

అతను టీ తాగి, చెప్పులు వేసుకుని పనికి వచ్చేశాడు.

చెల్లెలు ఆ ఇంటికి వచ్చి ఇరవై ఏళ్ళ పైమాటే. భర్త జ్వరంతో పోయిన నెలలోనే అత్తింటివాళ్ళు పరాయిగా చూడటం మొదలుపెడితే, ఒక పెట్టె పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఉన్న ఒక్క పడకగదీ ఆమెకిచ్చి, అతను ముందుగదిలో సోఫా మీద పడుకున్నాడు. నాలుగు రోజులకని పడుకున్న సోఫా నడుముకు తగ్గట్టు గుంట పడి అతని మంచమైపోయింది.

ఆ రోజుల్లోనే లాండ్రీ కుట్టు విభాగంలో ఒకామె ఉండేది. చిరిగిన దుప్పట్లు ఏరుకోవడానికి అతని యంత్రం దగ్గరకు వచ్చేది. మధ్యాహ్నం భోజనం వేళ అతని పక్కన బల్ల మీద కూర్చునేది. ఎక్కువ మాటలుండేవి కావు. ఒకరి డబ్బాలోంచి ఒకరు తీసుకుని తినేవారు. ఒక మధ్యాహ్నం ఆమె దారం సూదిలోకి ఎక్కిస్తూ, తల ఎత్తకుండా, "ఇంట్లో నాకు సంబంధం చూస్తున్నారు. ఏం చెయ్యమంటావు?" అంది.

అతను తన డబ్బాలోకి చూశాడు. రెండు బ్రెడ్డు ముక్కలు, ఉడికిన గుడ్డు ఉన్నాయి. ఇంట్లో చెల్లెలుంది. ఉన్నది ఒక్క గది. తనకేం కావాలో అతనికి తెలుసు. ఆమెకేం కావాలో తెలియదనుకున్నాడు.

"నీ ఇష్టం," అన్నాడు.

ఆమె కాసేపు ఆగింది. ఆగిన ఆ కాసేపటిలో అతను ఇంకేమైనా అని ఉండవచ్చు. తర్వాత దారాన్ని పంటితో తెంపి లేచి వెళ్ళిపోయింది. పెళ్ళయ్యాక పని మానేసిందని ఎవరో చెప్పారు. ఆమె కుట్టిన దుప్పట్లు మాత్రం చాలాకాలం అతని చేతుల మీదుగా పోతూనే ఉన్నాయి. చీమల బారులాంటి ఆ సన్నని కుట్టు కనపడితే బొటనవేలు దాని మీద ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగేది. క్రమంగా అవీ అరిగిపోయి నేల తుడిచే గుడ్డలయ్యాయి. ఈ సంగతి చెల్లెలికి చెప్పలేదు. చెబితే తన వల్లే అనుకుంటుంది.

శనివారాలు అన్నాచెల్లెళ్ళు సినిమాకు వెళ్ళేవారు. అతను నిద్రపోయేవాడు కాబట్టి ఇంటికి నడిచి వచ్చేటప్పుడు రెండో సగం కథ చెల్లెలే చెప్పేది. చేతులు తిప్పుతూ, విలన్ మాటలు విలన్ గొంతుతో, ఏడుపు దగ్గర నిజంగానే ముక్కు చీదుతూ చెప్పేది. తెర మీద చూసినదానికంటే ఆ దారిలో విన్నదే అతనికి ఎక్కువ నచ్చేది.

ఆ హాలులో టార్చి పట్టుకుని సీట్లు చూపించే ఒకాయన ఉండేవాడు. సన్నగా, కోటుకు పై గుండీ లేకుండా ఉండేవాడు. చీకట్లో ముందు నడుస్తూ వెలుగును తన కాళ్ళ ముందు కాకుండా, వెనక వచ్చేవాళ్ళ కాళ్ళ ముందు పడేలా పట్టుకునేవాడు. విశ్రాంతిలో చెల్లెలు టీకి లేస్తే, "అన్నయ్యగారు పడుకున్నారా?" అని నెమ్మదిగా అడిగేవాడు. "ఇంకా లేదు, ఆవలిస్తున్నాడు," అనేది. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి మధ్యా నడిచింది ఆ మాటలే. వాటి కింద ఏం పెరుగుతున్నదో నిద్రపోయేవాడికి ఎలా తెలుస్తుంది?

ఈ మధ్య ఆ పాత హాలు మూసేశారు. ఆఖరి ఆట చూసి ఇంటికి నడుస్తుంటే, చెల్లెలు ఎంతసేపటికీ కథ మొదలుపెట్టలేదు.

"చెప్పవే, తర్వాతేమైంది?" అన్నాడు.

"టార్చాయనకు పక్కఊరి హాల్లో ఉద్యోగం దొరికింది. ఇల్లు కూడా చూసుకున్నాడు. పెళ్ళి చేసుకుందామంటున్నాడు."

"ఊఁ. తర్వాత?"

"తర్వాతేముంది, ఆమెకూ ఇష్టమే."

"ఎవరికి? హీరోయిన్‌కా?"

చెల్లెలు నడిరోడ్డు మీద ఆగిపోయి పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "హీరోయిన్‌కేరా అన్నయ్యా," అంది.

పని దిగాక కాలిన వేలికి మందు కూడా రాసుకోకుండా అతను మైదానానికి వెళ్ళాడు. బాయిలర్ దగ్గర పనిచేసే మిత్రుడు చెక్క మెట్ల మీద అతనికి చోటు ఆపి పెట్టాడు. ఆ మనిషికి ఆటంటే ఆట కాదు, ప్రాణాల మీదకు వచ్చిన వ్యవహారం. మన జట్టు ఓడితే మర్నాడు లాండ్రీలో ఆవిరి కూడా సరిగా రాదని అందరూ వేళాకోళం చేస్తారు.

"కూర్చో. ఇవాళైనా ఆ పక్కవాళ్ళకి చప్పట్లు కొట్టావో, కిందకి తోసేస్తా," అన్నాడు బాయిలర్ మిత్రుడు. "అసలు నువ్వు మగపెళ్ళివాడివా, ఆడపెళ్ళివాడివా? ఎటువైపో ఒకవైపుండు."

అతను నవ్వి, వేయించిన పల్లీల పొట్లం విప్పి మిత్రుడి ముందు పెట్టాడు. ఆట మొదలైంది. ఎండ ఏటవాలుగా పడుతోంది. బంతి ఇటు వచ్చి అటు పోతోంది. మామూలుగా అయితే ఈపాటికి అతని భుజాలు వదులై, మనసు తేలికయ్యేది. ఇవాళ బంతి వెంట చూపు వెళ్తున్నా, చెవుల్లో పొద్దుటి మాటే మోగుతోంది. ఏదో ఒకటి చెప్పు.

వద్దంటే ఆగిపోతుంది. తనకు తెలుసు, ఆమె మాటంటే మాటే. రేపు పొద్దున టీ కప్పు పట్టుకుని ఎదురుగా కూర్చుంటుంది. వెళ్ళమంటే వెళ్తుంది. ఈ రెండింటిలో ఏది పలికినా ఆ భారం పలికినవాడిదే. ఇన్నేళ్ళూ ఎవరి భారం వాళ్ళకే అప్పగించి, దాన్ని మంచితనం అనుకున్నాడు.

ఆట చివరికొచ్చినా ఎవరికీ గోల్ పడలేదు. అప్పుడు మన జట్టు జుట్టాయన బంతి తీసుకుని దూసుకొచ్చాడు. ఒకణ్ణి తప్పించాడు, ఇంకొకణ్ణి తప్పించాడు. గోల్‌కీపర్ కాలు జారి పడిపోయాడు. ముందు ఖాళీ గోల్ తప్ప ఏమీ లేదు. జుట్టాయన కాలు ఎత్తాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, తల తిప్పి, పక్కనున్నవాడి వైపు మెత్తగా బంతి తోశాడు. మధ్యలో ఎదుటి జట్టువాడు వచ్చి దాన్ని తన్నేశాడు.

"నువ్వే కొట్టాలిరా! నీ కాలి దగ్గరకే వచ్చింది కదరా! పక్కవాడి ముఖమెందుకు చూస్తావ్?"

ఎవరా అరిచిందని చుట్టుపక్కలవాళ్ళు తలలు తిప్పి చూశారు. అరిచింది తానేనని అతనికి తన కాళ్ళు చూసుకున్నాక తెలిసింది. లేచి నిలబడి ఉన్నాడు. పల్లీలన్నీ మెట్ల మీద దొర్లుతున్నాయి.

బాయిలర్ మిత్రుడు నోరు తెరుచుకుని చూసి, తర్వాత అతని వీపు మీద ఒక్కటి చరిచాడు. "అబ్బ! ఇన్నాళ్ళకి మనిషివయ్యావురా డ్రా!"

"నేను ఇంటికెళ్తా."

"పిచ్చా? ఇంకా ఆట అవ్వలేదు."

"అవ్వనీ," అని అతను మోకాళ్ళను తప్పించుకుంటూ మెట్లు దిగాడు. మైదానం ఖాళీ అయ్యేదాకా కూర్చుని, ఎవరూ లేని గడ్డిని కాసేపు చూసి గానీ కదలనివాడు, ఆట నడుస్తుండగా గేటు దాటడం అదే మొదలు.

ఇంటికొచ్చేసరికి చెల్లెలు వంటగదిలో ఉంది. పడకగది తలుపు తెరిచి ఉంది, మంచం మీద పెట్టె నోరు తెరుచుకుని ఉంది. తినడానికి కూర్చున్నాడు. క్యాబేజీ కూర, బ్రెడ్డు, ఒక పొరటు గుడ్డు. ఆమె వడ్డించి ఎదురుగా కూర్చుంది. అతను ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాడు.

"చెల్లీ."

"ఊఁ."

"నాకు క్యాబేజీ ఇష్టం లేదు."

ఆమె చేతిలోని గరిట గిన్నెకు తగిలి చప్పుడైంది. "ఏమన్నావ్?"

"ఆ వాసనే పడదు. చిన్నప్పట్నుంచీ."

"మరి ఇన్నేళ్ళూ తిన్నావు కదా!"

"నీకిష్టమని తిన్నాను."

"నాకా?" ఆమె గొంతు కీచుగా లేచింది. "నాకెవరు చెప్పారు ఇష్టమని? నువ్వు ఒక్కనాడూ పళ్ళెంలో వదలవు కాబట్టి నీకు ప్రాణమనుకున్నాను. దీన్ని తరిగినప్పుడల్లా నాకు కడుపులో తిప్పేది!"

ఇద్దరూ గిన్నెలోకి చూశారు. ముందు నవ్వింది ఎవరో చెప్పలేం. అతనికి నవ్వు వస్తే శబ్దం రాదు, భుజాలు మాత్రం కదులుతాయి. ఆమె బల్ల మీద తల వాల్చి నవ్వింది. నవ్వు ఆగాక అతను పళ్ళెం పక్కకు జరిపాడు.

"వెళ్ళొద్దు," అన్నాడు అతను.

ఆమె తల ఎత్తలేదు.

"ఏదో ఒకటి చెప్పమన్నావు కదా. అదీ నాక్కావాల్సింది. నువ్వు వెళ్ళొద్దు. పొద్దున లేస్తే నువ్వు కనపడాలి. సినిమాలో నేను నిద్రపోతే తర్వాతేమైందో నువ్వే చెప్పాలి. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నేనేం చేస్తానో నాకు తెలీదు."

"సరే అన్నయ్యా." ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఆయనకు నేను..."

"ఆగు. నేనింకా అవ్వగొట్టలేదు." అతను కాలిన వేలిని రెండో చేత్తో పట్టుకున్నాడు. "నాక్కావాల్సింది చెప్పాను. నువ్వు చెయ్యాల్సింది అది కాదు. నువ్వు వెళ్ళు. నీ ఇష్టమని అనట్లేదు. నేనే చెప్తున్నా. వెళ్ళు."

ఆమె లేచి వచ్చి అతని కుర్చీ వెనక నిలబడింది. అతని నెత్తి మీద, పలచబడ్డ జుట్టు మీద చెయ్యి వేసింది.

"నేను పెట్టెతో మెట్లెక్కి వచ్చిన రోజు గుర్తుందా?" అంది. "అందరూ ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళుంటావు అని అడిగారు. నువ్వు తలుపు తీసి 'లోపలికి రా' అన్నావు. ఇంకేం అడగలేదు. ఆ తర్వాత మళ్ళీ ఇవాళే నాకు ఏదైనా చెయ్యమని చెప్పడం."

అతను లేచి పడకగదిలోకి వెళ్ళి పెట్టెలోకి చూశాడు.

"ఇదేం సర్దడం? ఇలా కుక్కితే మూతెలా పడుతుంది?"

బట్టలన్నీ బయటికి తీశాడు. ఒక్కొక్కటీ మంచం మీద పరిచి, అరచేత్తో నిమిరి, అంచుకు అంచు కలిపి మడిచాడు. ఆమె తలుపుకు ఆనుకుని చూస్తూ నిలబడింది. ఇందాక పొంగిపొర్లిన బట్టలే ఇప్పుడు పెట్టెలో పలకల్లా ఒదిగిపోయి, పైన ఇంకా చోటు మిగిలింది. మూత తనే వేశాడు.

వ్యాన్ వచ్చింది. టార్చాయన మెట్లెక్కి వచ్చి గుమ్మం బయటే ఆగాడు. వెలుతురులో, కోటు లేకుండా చూస్తే, అనుకున్నదానికంటే పొట్టివాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"నమస్కారం సార్... బావగారూ," అన్నాడు.

"లోపలికి రండి," అన్నాడు అతను. "భోంచేద్దురు గాని. క్యాబేజీ ఉంది."

"క్యాబేజీయా? నాకు చాలా ఇష్టమండీ!"

అన్నాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని వంటగదిలోకి పరిగెత్తింది. ఆయనకేమీ అర్థం కాలేదు గానీ పెట్టింది మొత్తం తిన్నాడు, అడిగి ఇంకాస్త పెట్టించుకున్నాడు కూడా.

"ఒక మాటడగొచ్చా?" అన్నాడు అతను. "అన్నేసి సినిమాలు చూశారు. మీకెప్పుడూ నిద్ర రాలేదా?"

"నిలబడి చేసే ఉద్యోగం కదండీ." ఆయన పళ్ళెం వైపు చూస్తూ అన్నాడు. "అయినా శనివారాలు నేను తెరవైపు పెద్దగా చూడలేదండీ."

అతను తల ఊపాడు. ఈసారి నిజంగానే అర్థమై ఊపాడు.

చెల్లెలు గిన్నెలు కడిగేసి గానీ రానంది. వదిలెయ్యమన్నా వినలేదు. లోపల కుళాయి శబ్దం, పళ్ళేల శబ్దం చాలాసేపు వినిపించాయి. బయటినుంచి వ్యాన్ డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆమె చేతులు బట్టలకు తుడుచుకుంటూ వచ్చింది. టీపొడి ఎక్కడుందో చెప్పింది. వేలికి మందు రాసుకోమంది. రెండోసారి హారన్ మోగాక, చెప్పడానికి ఇంకేమీ దొరక్క, అతని చొక్కా కాలరు సరిచేసింది.

"వెళ్తున్నానన్నయ్యా."

"ఊఁ. వెళ్ళు."

పెట్టె అతనే మోసుకుంటూ దిగాడు. వ్యాన్ తలుపు మూసి, సరిగా పడిందో లేదోనని ఇంకోసారి నొక్కి చూశాడు. వ్యాన్ సందు చివర మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు. ఆట ముగిశాక బజారులో తిరిగి ఇళ్ళకు మళ్ళిన జనం గుంపులు గుంపులుగా ఎదురయ్యారు. కొందరు పాడుతున్నారు. ఎవరు గెలిచారని అతను ఎవర్నీ అడగలేదు.

పైకి వచ్చి తలుపు వేశాడు. పడకగది గుమ్మం దాకా వెళ్ళి, లోపల ఖాళీ మంచాన్ని చూసి, వెనక్కి తిరిగాడు. దాహం వేసింది. వంటగదిలోకి వెళ్ళి దీపం వేశాడు. పళ్ళేలు బోర్లించి ఉన్నాయి, పొయ్యి గట్టు తుడిచి ఉంది. గ్లాసు అందుకుని కుళాయి వైపు వంగినవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమె గిన్నెలు కడిగేటప్పుడు వేసుకునే గులాబీరంగు రబ్బరు తొడుగులు కుళాయి మెడకు వేలాడుతున్నాయి. హడావిడిగా లాగేసిన ఒకటి లోపలిది బయటికి తిరగబడి ఉంది. రెండోది మాత్రం ఐదు వేళ్ళూ నిండుగా, లోపల ఇంకా చెయ్యి ఉన్నట్టే ఉబ్బి, చిటికెన వేలి కొస నుంచి ఒక్కొక్క నీటిబొట్టును సింకులోకి రాలుస్తోంది.